గుండిగ నిలబడే బండి

పెళ్ళయి ఇన్నేళ్ళయినా దుర్గారావు ఏనాడూ బండి కడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ దసరా సప్తమినాడు పొద్దున్నే లుంగీ పైకి ఎగ్గట్టి, బకెట్లో షాంపూ కలిపి, రాయ్‌పూర్ మోవాలో తమ ఇంటి ముందు నిలబెట్టిన పాత కారుకి తలంటు పోస్తున్నాడు. వంటింటి కిటికీలోంచి అది చూసిన కల్యాణికి గుండెల్లో రాయి పడింది. చింతపండు పిసుకుతున్న చేతులతోనే బయటికొచ్చింది.

"ఏవండోయ్, ఏంటి ఇవాళ దానికి పెళ్ళిచూపులా?"

"పండగ కదాని..." అన్నాడు దుర్గారావు తలెత్తకుండా.

"పండగైతే మీ చెప్పులు కూడా తుడుచుకోరు మీరు."

పెద్ద బండేం కాదది. చిన్న ఎస్‌యూవీ, డీజిలుది. రెండువేల తొమ్మిదిలో పుట్టింది, ఈ పదేళ్ళలో బోలెడు దెబ్బలు తింది. వెనక తలుపుకి స్టెప్నీ చక్రం తగిలించి ఉంటుంది. ఆ తలుపు పైకి లేవదు, బీరువా తలుపులా పక్కకి తెరుచుకుంటుంది. స్టార్టు చెయ్యాలంటే తాళం సగం తిప్పి, మీటర్లో పసుపు దీపం ఆరేదాకా ఆగాలి. రెండో గేరు పడాలంటే బతిమాలాలి. ఎలా బతిమాలాలో ఇంట్లో కల్యాణి ఒక్కదానికే తెలుసు. రాయ్‌పూర్‌లో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ భోజనాలు వండి పంపుతుందావిడ. వండేది ఇంటి వెనక రేకుల షెడ్డులో. పంపేది ఈ బండిలో. నడిపేది తనే.

అక్కడే నిలబడి ఉండగా మరిది మహేంద్ర మోటారుసైకిలు మీద దిగాడు. కార్ల షోరూములో ఉద్యోగం వాడికి. వస్తూనే ఫోను తీసి బండికి ముందొకటి, వెనకొకటి ఫోటోలు కొట్టాడు. పక్కనుంచి కొట్టబోతూ ఆగాడు.

"వదినా, కొంచెం జరుగు. ఫోటోలో పడుతున్నావు."

కల్యాణి జరిగింది. జరిగాక వచ్చింది కోపం.

లోపల కాఫీలు తాగుతుంటే సంగతి బయటపడింది. దశమినాడు కొత్త సెడాను ఇంటికొస్తుంది. పాతది ఎక్స్‌ఛేంజిలో పొద్దున్నే షోరూముకి పోతుంది. అన్నదమ్ములిద్దరూ అన్నీ ఖాయం చేసేసుకున్నారు. తెలియనిదల్లా రోజూ ఆ స్టీరింగు పట్టుకునే మనిషికే.

"రెంటికీ పోలికే లేదు వదినా," అన్నాడు మహేంద్ర, ఫోను ఆవిడ ముందు పెట్టి. "మైలేజీ చూడు. ఏసీ చూడు. నీ బండిలో ఏసీ అంటే కిటికీ తిప్పుకోడమే కదా! ఇందులో ముందర ఎయిర్‌బ్యాగులు. డిక్కీ అయితే ఇంత! కూర్చుంటే రోడ్డు మీద ఉన్నట్టే ఉండదు, పక్కా."

"దశమినాడు నాకు దేవేంద్ర నగర్‌లో తెలుగు సంఘం వాళ్ళ భోజనాలున్నాయి. ఊళ్ళో తెలుగువాళ్ళంతా వస్తారు. ఆ సంగతి మీ అన్నయ్యకి తెలుసు."

"ఆటో మాట్లాడతాలేవే," అన్నాడు దుర్గారావు.

"ఎవర్నడిగి చేశారిదంతా?"

దుర్గారావు కాఫీ గ్లాసులోకి చూశాడు. మహేంద్ర అన్నయ్య మొహంలోకి చూశాడు. మూల మంచం మీద బత్తాయి ఒలుచుకుంటున్న అత్తగారు ఆండాళమ్మ మాత్రం కోడలి వైపే చూసింది.

అష్టమినాడు మధ్యాహ్నం మహేంద్ర సెడాను తీసుకొచ్చాడు, ఒకసారి నడిపి చూసుకోమని. వెండి రంగు. ఎంత నున్నగా ఉందంటే వీధి కుక్క వచ్చి అందులో తన మొహం చూసుకుని మొరిగింది. దుర్గారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయటికొచ్చాడు. కాలనీ చివరిదాకా తోలుకెళ్ళి వచ్చాడు. దిగేసరికి మొహం వెలిగిపోతోంది.

"నన్ను కూడా చూడనివ్వండి," అంది కల్యాణి.

అన్నదమ్ములిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడ అప్పటికే సీట్లో కూర్చుంది. చల్లగా ఉంది లోపల. ఇంజను ఆడుతోందో లేదో చెవి పెట్టి వినాల్సి వచ్చింది. రెండో గేరు అడక్కుండానే పడింది. వీధి చివర స్పీడు బ్రేకరు మీద మాత్రం అడుగున గర్రుమంది. వెనక్కి వచ్చి ఆపి, "బాగుంది," అంది. ఉన్న మాట దాచడం ఆవిడకి చేతకాదు. "చాలా బాగుంది. సరోజినీ, ఆ దప్పళం గుండిగ పట్రా."

సరోజిని ఆవిడ దగ్గర వంటకి సాయం చేసే పిల్ల, పలాస నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఖాళీ ఇత్తడి గుండిగని చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇదేంటి వదినా?" అన్నాడు మహేంద్ర.

"నేను నడిపి చూశాను కదా. ఇప్పుడిది ఎక్కి చూస్తుంది."

డిక్కీ తెరిచారు. లోపల జాగా నిజంగానే చాలా ఉంది. కానీ కడుపు పెద్దది, మూతి చిన్నది. గుండిగని గట్టు మీదుగా పైకెత్తి, వంచి, తిప్పి దింపాల్సి వచ్చింది. నిలబెడితే డిక్కీ మూత దాని నెత్తికి కొట్టుకుంది. పడుకోబెడితే మూత పడింది.

"చూశావా, పట్టింది!" అన్నాడు మహేంద్ర చప్పట్లు కొట్టి.

"ఖాళీది పడుకుంది మహేంద్రా. దప్పళం పోశాక కూడా పడుకోబెట్టే తీసుకెళ్ళనా?"

సరోజిని కొంగు నోట్లో కుక్కుకుంది. కల్యాణి గుండిగని తీసి తన బండి దగ్గరికి నడిచింది. వెనక తలుపు పక్కకి లాగింది. అక్కడ సీట్లు తీసేసి ఎన్నాళ్ళో అయింది. వాటి చోట పాత స్కూటరు టైరొకటి పడి ఉంటుంది. గుండిగ పైకెత్తే పని లేకుండా నడుం ఎత్తులోనే లోపలికి జరిగి, టైరు మధ్యలో కూర్చుంది. ఊపి చూసింది. కదల్లేదు. ఇన్నేళ్ళలో ఆ టైరు మధ్యనుంచి ఒక్క గంటెడు దప్పళం కూడా ఒలకలేదు.

"నేనూ ఎక్కుతాన్రా," అంటూ ఆండాళమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. కొడుకులు ఆనందంగా సెడాను వెనక తలుపు తీశారు. ఎక్కడం బాగానే ఎక్కింది. ఎక్కడమేమిటి, జారింది. దిగడం దగ్గరే వచ్చింది చిక్కు. మోకాళ్ళు గడ్డానికి దగ్గరగా వచ్చేశాయి, లేవడానికి పట్టు దొరకలేదు. ఒక చెయ్యి దుర్గారావు, ఒక చెయ్యి మహేంద్ర పట్టుకుని లాగితే "ఓరి నాయనోయ్" అంటూ బయటపడింది.

"ఆ బండిలో కూర్చోడమంటే కుర్చీలో కూర్చున్నట్టుంటాది. ఇందులో పీట మీద కూర్చున్నట్టుంది. ఈ మోకాళ్ళతో పీటలు మానీసి ఎన్నాళ్ళయిందిరా నేను!"

దుర్గారావు మొహం మాడిపోయింది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు.

గెలిచానని కల్యాణికి అనిపించలేదు. పొద్దు వాలాక షెడ్డు గట్టు మీద కూర్చుని గుమ్మడికాయ తరుగుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు తొక్కలు ఏరి బుట్టలో వేశాడు. ఆ పని కూడా ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

"మా ఫ్యాక్టరీ సేఠ్ కొడుకు రిసెప్షను గుర్తుందా నీకు?"

"ఉంది. మీరు కోటు వేసుకున్నారు."

"నువ్వు కొత్త చీర కట్టుకున్నావు. గేటు దగ్గర వాచ్‌మన్ బండిని చూశాడు. కిటికీలోంచి వాసన చూశాడు. 'కేటరింగ్‌వాలే పీఛే గేట్ సే' అని వెనక గేటు చూపించాడు. మన వెనకే మా ఆఫీసు వీరేంద్ర, తెల్ల సెడాన్లో. వాడికి సలాం కొట్టి ముందు గేటు బార్లా తీశాడు. మనం వెళ్ళి గిన్నెలు తోమే చోట దిగాం. నువ్వు నవ్వావు."

నిజమే, ఆరోజు నవ్వింది. ఇంత మనిషీ దీన్ని ఇన్నాళ్ళూ లోపల పెట్టుకుని తిరుగుతున్నాడని ఆవిడకి ఇప్పుడే తెలిసింది. జాలి వేసింది. ఆ జాలిలోంచే మళ్ళీ కోపం కూడా వచ్చింది.

"అప్పుడే చెప్పొచ్చు కదండీ."

"ఏం చెప్తాను? నా ఇజ్జత్ దప్పళం వాసనేస్తోందనా?"

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. "ఆ వాసనే మన ఇంటిని ఇంతదాకా లాక్కొచ్చింది," అంది మెల్లగా. "వాచ్‌మన్ సలాం కోసం నా బండి ఇచ్చేస్తారా?"

"నీ బండేంటే, మన బండి."

"మనదైతే నన్నెందుకు అడగలేదు?"

దుర్గారావు లేచాడు. గుమ్మడి తొక్కల బుట్ట తీసుకుని బయట పారబొయ్యడానికి వెళ్ళాడు.

నవమినాడు సాయంత్రం ఆయుధపూజ. వాళ్ళింట్లో ఆయుధాలంటే కత్తిపీట, గంటెలు, గ్రైండరు, గ్యాసు పొయ్యిలు. అన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, షెడ్డులో పీట మీద వరసగా సర్దారు. వాకిట్లో బండి నిగనిగలాడుతోంది. దుర్గారావుకి లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది పాపం. పళ్ళెంలో పసుపూ కుంకం, హారతి కర్పూరం, నాలుగు నిమ్మకాయలు, బంతిపూల దండ పెట్టుకుని తనే బండి దగ్గరికి వచ్చాడు.

"ఇన్నాళ్ళు చాకిరీ చేసింది. పోయే ముందు మర్యాదగా పూజ చేసి పంపిద్దాం," అన్నాడు. అదీ ఆయన చేసిన పొరపాటు.

ఆండాళమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. "ఆగరా," అంది. "నువ్వెందుకు పెడతన్నావు బొట్టు?"

"అదేంటమ్మా?"

"మీ నాన్న రైల్వేలో లైను మీద పనిచేసినన్నాళ్ళూ ఆయన సుత్తికీ పానాలకీ ఆయనే బొట్టు పెట్టుకునేవాడు. నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. నా రుబ్బురోలు ఆయన ముట్టుకునేవాడు కాదు. ఎవలి పనిముట్టుకి ఆళ్ళే పెట్టుకోవాల. నువ్వు పోయి నీ ఆఫీసు కంప్యూటరుకి పెట్టుకో. ఆ పళ్ళెం కోడలికియ్యి."

దుర్గారావు పళ్ళెం ఇవ్వలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకోటి చెప్తాను విను," అంది ఆండాళమ్మ. "నవమినాడు పూజ చేసిన పనిముట్టుతో దశమినాడు మొదటి పని చేయించాల. చేయించకుండా మీ నాన్న సుత్తిని పక్కింటికి కూడా ఎరువిచ్చేవాడు కాదు. రేపు పొద్దున్నే పంపీసేదానికి ఇయాళ పూజేట్రా? పంపుతావా, పూజ చేస్తావా? ఒకటి చెప్పు."

పళ్ళెంలో కర్పూరం అప్పటికే వెలిగించి ఉంది. దుర్గారావు దాన్ని చూశాడు, తల్లిని చూశాడు. అమ్మవారి పండగనాడు వెలిగించిన హారతి వెనక్కి పట్టుకెళ్ళే ధైర్యం వాళ్ళ వంశంలో ఎవరికీ లేదు.

కల్యాణి చేతులు తుడుచుకుని వచ్చి ఆయన చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. స్టీరింగుకి పసుపు రాసింది. గేరు రాడ్డుకి బొట్టు పెట్టింది. స్టెప్నీ చక్రానికి పెట్టింది. లోపలికి వంగి, ఆ స్కూటరు టైరుకి కూడా పెట్టింది. దండ వేసి, హారతిచ్చి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండెక్కి, తాళం సగం తిప్పి, పసుపు దీపం ఆరేదాకా ఆగి, ఇంజను అందుకున్నాక జానెడు ముందుకు పోనిచ్చింది. నిమ్మకాయలు చితికాయి. కిందికి దిగి భర్త ఎదురుగా నిలబడింది.

"మీ ఇజ్జత్ కోసం మీరు కారు కొనుక్కోండి. ఎప్పుడు వీలైతే అప్పుడు కొనుక్కోండి, నేను వద్దనను. ముందు సీట్లో పక్కన కూర్చుంటాను కూడా. కానీ దానికి నా బండిని బలివ్వను. రేపు భోజనాలు ఈ బండిలోనే వెళ్తాయి. రేపే కాదు, ఎల్లుండీ వెళ్తాయి."

"మహేంద్ర మాటిచ్చాడే అక్కడ!"

"నేనివ్వలేదుగా."

దుర్గారావు విసవిసా లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. ఏ చానలూ పట్టుమని రెండు నిమిషాలు చూడలేదు. చివరికి తమ్ముడికి ఫోను చేసి, పొద్దున్న రావద్దు, సాయంత్రం మాట్లాడతానన్నాడు.

దశమినాడు పొద్దున్నే మొదలుపెడితే ఎండెక్కేసరికి వంటయింది. పులిహోర, ముద్దపప్పు, వంకాయ కూర, బొబ్బట్లు, పాయసం, గుమ్మడికాయ దప్పళం. గుండిగ మూత మీద తడిగుడ్డ కట్టి, టైరులో నిలబెట్టి, చుట్టూ పప్పు గిన్నెలు బిగించింది కల్యాణి. సరోజిని పెరుగు కుండ పట్టుకుని మధ్య సీట్లో ఆండాళమ్మ పక్కన సర్దుకుంది. దుర్గారావు ఇస్త్రీ బట్టల్లో వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఈసారి సంఘం వాళ్ళు ఆయన్నీ పిలిచారు మరి.

"నేను ఆటోలో వస్తాను," అన్నాడు.

"మంచిదిరా," అంది ఆండాళమ్మ కిటికీలోంచి. "కోడలికి మాట్లాడతానన్నావు కదా, ఆ ఆటోలో నువ్వు రా."

సరోజిని నవ్వు ఆపుకోలేకపోయింది. కల్యాణి మాత్రం నవ్వలేదు. పక్క తలుపు లోపలినుంచి తోసి తెరిచింది. ఆయన నిలబడి నిలబడి, ఎక్కాడు. ఎక్కగానే ఆవిడ పాయసం బకెట్టు ఆయన ఒళ్ళో పెట్టింది.

"గట్టిగా పట్టుకోండి. పండరీ బట్టల బజారు దగ్గర జనం ఉంటారు."

ఉన్నారు కూడా. పండగ బట్టలకి ఊరంతా పండరీ మీదే పడింది. కల్యాణి హారను మీద బొటనవేలు పెట్టి, రెండో గేరుని బతిమాలుకుంటూ, రిక్షాల మధ్యనుంచి, బట్టల మూటల మధ్యనుంచి బండిని నడిపించింది. గుంత వస్తే ముందే తెలుసు ఆవిడకి, ఒక చక్రం పక్కనుంచి పోనిచ్చేది. దుర్గారావు బకెట్టు కావలించుకుని ఆవిడ చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ సరుకుతో నడపడం ఆయన పక్కన కూర్చుని చూడలేదు. పాయసం మీద మీగడ కూడా చెదరలేదు.

సంఘం హాలుకి రెండు గేట్లు. ముందు గేటు వీధికి, వెనక గేటు వంటశాలకి. ముందు గేటు లోపల వచ్చినవాళ్ళ కార్లు బారులు తీరి ఉన్నాయి. అన్నీ నున్నటి సెడాన్లే. వాటిలో ఒక తెల్లటిదాన్ని దూరంనుంచే గుర్తుపట్టాడు దుర్గారావు.

"వెనక గేటుకి పోనీ," అన్నాడు, ఎవరూ అనకముందే.

కల్యాణి ఒకసారి ఆయన మొహం చూసి, వెనక సందు వైపు తిరగబోయింది. ఇంతలో గేటు దగ్గరనుంచి ఒక పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని బండికి అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. సంఘం కార్యదర్శి అప్పారావు గారు.

"అమ్మా కల్యాణీ, అటెక్కడికి? ముందునుంచే రా! లోపల జనం ఆకుల ముందు కూర్చున్నారు! ఒరేయ్, గేటు పూర్తిగా తీయండ్రా. ఆ తెల్ల కారెవరిదయ్యా? పక్కకి తియ్యండి, భోజనాలొచ్చాయి!"

ఒక్కసారిగా కదిలింది హాలంతా. "వచ్చేశాయి, వచ్చేశాయి" అంటూ పట్టుచీరలు, జరీ పంచెలు మెట్ల మీదికొచ్చేశాయి. వాచ్‌మన్ గేటు రెండు రెక్కలూ తోసి, పక్కకి జరిగి, సలాం కొట్టాడు. తెల్ల సెడాను వెనక్కి వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుంది. దాన్ని నడుపుతున్నది వీరేంద్ర. వాళ్ళావిడ తెలుగుదే, అందుకని ఏటా వస్తాడు. పాత బండి డీజిలు చప్పుడు చేసుకుంటూ, పసుపు బొట్లతో, బంతిపూల దండతో, కార్ల మధ్యనుంచి మెట్ల దాకా వెళ్ళి ఆగింది.

అప్పారావు గారే దుర్గారావు వైపు తలుపు తీశారు. "ఏవయ్యోయ్, పాయసం నువ్వే తెచ్చావా! రా రా రా!"

వెనక తలుపు తెరుచుకుంది. దప్పళం వాసన గుప్పుమంది. గుండిగ టైరులో కదలకుండా నిలబడి ఉంది. దాన్ని దింపడానికి వచ్చిన చేతుల్లో వీరేంద్రవి కూడా ఉన్నాయి. ఒక చెవి తను పట్టుకుని, రెండో చెవి పట్టుకున్న దుర్గారావుని చూసి నోరు తెరిచాడు.

"దుర్గారావ్‌జీ! ఆప్? ఈ భాభీజీ మీ ఆవిడా? అరే యార్, పోయిన దసరానుంచి మా ఇంట్లో ఈ దప్పళం గురించే గొడవ, నాకెందుకు రాదని మా ఆవిడ ఏడుపు! ఒకే ఆఫీసులో కూర్చుని ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి మీరు?"

గుండిగ చెవి వేడిగా ఉన్నా దుర్గారావు వదల్లేదు. "మా ఆవిడే," అన్నాడు. ఆ మాట సరిపోలేదనిపించిందేమో, మళ్ళీ గట్టిగా అన్నాడు. "మా ఆవిడే వండింది. బండి కూడా ఆవిడే తోలుకొచ్చింది."

కల్యాణి విననట్టే పులిహోర గిన్నెలు దింపిస్తోంది. కానీ విన్నది. "సరోజినీ, నెయ్యి ఏదే?" అని ఊరికే కేకేసింది. నెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది.

పంక్తులన్నీ లేచాయి. గుండిగ అడుగు కనిపించింది. ఖాళీ గిన్నెలు ఒకదాన్లో ఒకటి పెట్టుకుని, ఎండ చల్లబడ్డాక ఇంటికి బయల్దేరారు. మధ్య సీట్లో ఆండాళమ్మ సరోజిని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పండరీ దాటుతుంటే దుర్గారావు ఫోను మోగింది. మహేంద్ర.

"ఆ, చెప్పరా... లేదురా, పాత బండి ఇవ్వట్లేదు... ఎవరు వద్దన్నారా? నేనే వద్దన్నాను... కొత్తదా? ఎక్స్‌ఛేంజి లేకుండా ఇప్పుడు మనవల్ల కాదు కదా, తర్వాత చూద్దాం... అరే, చెప్పాను కదరా, మీ వదిన బండి అది. ఆవిడ్ని అడక్కుండా ముట్టుకోం. ఇంకోమాట, ఆ ఫోటోలు తీసెయ్యి ఫోన్లోంచి."

ఫోను జేబులో పెట్టుకుని కిటికీ హ్యాండిలు తిప్పి అద్దం పూర్తిగా దింపాడు. బయట బంతిపువ్వు రంగు ఎండ.

"రేపు సిల్తరా వైపు నీకేమైనా పనుందా?" అన్నాడు ఉన్నట్టుండి. ఆయన ఫ్యాక్టరీ ఉన్నది అక్కడే. రోజూ కంపెనీ బస్సులో వెళ్తాడు.

"లేదు. ఏం?"

"ఏం లేదు. నన్ను దింపుతావేమోనని."

కల్యాణి రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, "ఈ బండిలోనా?" అంది.

"మరి ఏ బండి ఉంది మనకి?"

"వాసనేస్తుంది మరి."

"వెయ్యనీ."

నవ్వు ఆపుకోడానికి ఆవిడ పెదవి కొరుక్కుంది. మోవా వంతెన ఎక్కుతూ రెండో గేరు వేసింది. బతిమాలకుండానే పడింది.

"ఏ గేటు దగ్గర దింపమంటారు?"

"ముందు గేటు దగ్గర," అన్నాడు దుర్గారావు. "వీరేంద్ర వచ్చే టైముకి."